సంబంధం లేదు

జూన్ 3, మంగళవారం

ఈ ఉదయం అక్కను మా ఆసుపత్రిలోనే చేర్పించాను. మూడో అంతస్తు, చివరి గది. మార్చిలో మెట్ల మీద జారిపడ్డప్పుడు కాలికి వేసిన ప్లేటు చుట్టూ ఎముకకు చీము పట్టింది. జ్వరం నూట రెండున్నర. అంత జ్వరంలోనూ స్ట్రెచర్ తోస్తున్న ఆయాకు పాఠం చెబుతోంది, నోరు బాగా తెరిచి మాట్లాడమని, మాటలు మింగెయ్యొద్దని. నలభై ఏళ్లు పిల్లలకు పాట నేర్పిన నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

నాకూ ఆమే నేర్పింది. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అక్కకు ఇరవై. నన్ను ఏడవకుండా ఉంచడానికి ఏం చెయ్యాలో తెలియక చేతిలో వయొలిన్ పెట్టింది. తరవాత డాక్టర్నయ్యాను, ప్రొఫెసర్నయ్యాను, పెళ్లి మాత్రం కాలేదు. ఆదివారం సాయంత్రం ఆమె పాట, పక్కన నా వయొలిన్. అంతే నా సంసారం. తెలిసిన సంగతులే మళ్ళీ రాసుకుంటున్నాను. భయం వేస్తే నాకిలా వాగడం అలవాటు.

వార్డు డాక్టరు నా శిష్యురాలే. చదువుకునే రోజుల్లో ఏ ప్రశ్న అడిగినా ఒక నిమిషం ఆలోచించి గానీ జవాబు చెప్పేది కాదు, అందుకని క్లాసంతా నెమ్మది అని పిలిచేవారు. నాకూ అదే పేరు నోట్లో ఉండిపోయింది. పాత మందు వాడదామా అని అడిగింది. మన మందు వాడదామన్నాను. పదకొండేళ్లు పెంచాను దాన్ని. నూట పన్నెండు మంది రోగుల మీద పరీక్షించి, ఫలితాలు అచ్చువేయించి, ఇవాళ నలభై పైచిలుకు ఆసుపత్రుల్లో వాడుతుంటే, సొంత అక్కకు ఇవ్వడానికి వెనకాడతానా? నెమ్మది తన నిమిషం తాను తీసుకుని, మీ ఇష్టం సార్ అంది. రోజుకు రెండు సూదులు, పద్నాలుగు రోజులు.

బావ మంచం పక్కన కూర్చుని, "ఇంటి మందు ఉండగా బయటి మందు ఎందుకోయ్," అన్నాడు. బావది గడియారాల రిపేరు కొట్టు. పాటకూ పాటకూ తేడా తెలియని మనిషి. టిక్కు టిక్కు తప్ప ఇంకో తాళం తనకు రాదని పెళ్లికి ముందే చెప్పుకున్నాడట. అక్క అందుకే ఒప్పుకున్నానంటుంది, ఇంట్లో తప్పులు పట్టేవాడు ఉండకూడదని.

జూన్ 6, శుక్రవారం

జ్వరం తొంభై తొమ్మిదికి దిగింది. గాయం శుభ్రపడుతోంది. రౌండ్స్‌లో నాకు తెలియకుండానే కూనిరాగం తీశానట, పీజీ కుర్రాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

జూన్ 8, ఆదివారం

జ్వరం పూర్తిగా పోయింది. తలుపు వేసుకుని అరగంట వాయించాను. పక్క గది పెద్దాయన ఇంకొకటి వాయించమని నర్సు చేత కబురు పంపాడు. అక్క కళ్లు మూసుకుని వింది. నా మందు, నా వయొలిన్, నా అక్క. ఇంతకంటే ఒక మనిషికి ఏం కావాలి?

జూన్ 9, సోమవారం

చెవుల్లో ఏదో రొదగా ఉందంటోంది అక్క. జ్వరం వల్ల.

జూన్ 10, మంగళవారం

రొద తగ్గలేదట. కీచురాయి లోపల దూరినట్టు ఉందంది. జ్వరం వల్లే. నిద్ర కూడా సరిగా లేదు. పైగా ఆసుపత్రి గది, పైన ఫ్యాను చప్పుడు. ఫ్యాను మార్పించమని చెప్పాను.

జూన్ 11, బుధవారం

కొత్త ఫ్యాను వచ్చింది.

నెమ్మది కారిడార్లో ఆపి, చెవి పరీక్ష చేయిద్దామా సార్ అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఒక నిమిషం ఆగి, మందు పరీక్షించినప్పటి మీ రోగుల్లో ఎవరికైనా ఇలా వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను.

అచ్చయిన దుష్ప్రభావాల పట్టికలో లేదు. ఉన్నమాటే చెప్పాను.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం క్లాసు అయ్యాక నా గదికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. కింది అర తాళం తీశాను. పాత రిజిస్టర్లు అక్కడే ఉన్నాయి. ఎక్కడ చూడాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. అది నాకు నచ్చలేదు. నిజంగా మరచిపోయినవాడు వెతుక్కుంటాడు.

ముప్పై ఒకటో నంబరు, దర్జీ. ఏడో రోజు నుంచి చెవుల్లో రొద. సూది కింద పడితే చప్పుడు తెలియడం లేదని చెప్పాడు. ఎదురుగా నా రాత: జీవితమంతా కుట్టుమిషను చప్పుడు, మందుతో సంబంధం లేదు.

యాభై ఎనిమిది, బస్సు డ్రైవరు. తొమ్మిదో రోజు. ఇంజను చప్పుడు, మందుతో సంబంధం లేదు.

తొంభై, ముసలామె. ఎనిమిదో రోజు. వయసు, మందుతో సంబంధం లేదు.

ముగ్గురికీ మూడు కారణాలు వెతికి పెట్టాను. ముగ్గురికీ కలిపి ఒక కారణం ఉంటుందేమోనని వెతకలేదు. అప్పట్లో నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి అడిగింది కూడా, "ముగ్గురికీ వారం దాటాకే మొదలైంది కదా సార్?" అని. ఏమని జవాబు చెప్పానో గుర్తులేదు. కసురుకుని ఉంటాను. ఆ ఏడాది చివర్లో ఆ పిల్ల పరిశోధన మానేసి వెళ్లిపోయింది.

అప్పుడు నేను అబద్ధం రాశానా? లేదు. నిజంగా నమ్మాను. నమ్మాననే అనుకుంటున్నాను. పదేళ్ల పని చేతికొచ్చే వేళ నమ్మడం తేలికైన దాన్ని నమ్మాను.

అక్కకు రొద ఏడో రోజున మొదలైంది.

ఇప్పుడు ఆపేస్తే? ఇంకా ఐదు రోజులుంది. కాలు మొదటికొస్తే? ఎముకలో చీముతో చెలగాటమా? పాత మందుకు మారొచ్చు, నిజమే, అది కూడా పనిచేస్తుంది. కానీ మధ్యలో మార్చడం మంచిది కాదు. నలుగురితో ఆలోచించాలి. తొందరపడకూడదు.

జూన్ 13, శుక్రవారం

ఉదయం సూది ఇచ్చారు. సాయంత్రం సూది ఇచ్చారు. గాయం చాలా బాగుంది. రేపు నెమ్మదితో మాట్లాడతాను.

జూన్ 14, శనివారం

పదింటికి అక్క గదికి వెళ్లాను. మెట్ల దగ్గరికే పాట వినిపించింది. పడుకుని పాడుకుంటోంది, చిన్నపిల్లలకు మొట్టమొదట నేర్పే పాట, కొన్ని వందలమందికి ఆమె నేర్పిన పాట. గుమ్మంలో నిలబడిపోయాను.

శ్రుతిలో లేదు.

అక్క నోట్లోంచి శ్రుతి తప్పిన స్వరం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. జలుబు చేసినా, ఏడుస్తున్నా, అమ్మ పోయిన ఏడాది నన్ను నిద్రపుచ్చుతూ తనూ నిద్రలో జోగుతున్నా వినలేదు. పైకి వెళ్లవలసిన చోట కాస్త కిందనే ఆగిపోతోంది. ఆగిన సంగతి ఆమెకు తెలియడం లేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. బావ కిటికీ దగ్గర కూర్చుని ఏదో గడియారం మూత విప్పుతూ నన్ను చూసి నవ్వాడు. "రా రా. బాగానే పాడుతోందిగా, ఇంక ఇంటికి పంపెయ్యొచ్చు," అన్నాడు.

నర్సుల గదికి పరుగెత్తాను. ఈ వయసులో, ఆ కారిడార్లో, అందరూ చూస్తుండగా. మందు ఆపెయ్యమన్నాను. నెమ్మదిని పిలిపించి, పక్కకు తీసుకెళ్లి, ముగ్గురి సంగతీ చెప్పాను. ఆ అమ్మాయి నా ముఖంలోకే చూస్తూ విన్నది.

"ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

"గురువారం. మధ్యాహ్నం."

ఈసారి నిమిషం తీసుకోలేదు. "నాలుగు డోసులు," అంది. కేస్ షీటు తీసుకుని పాత మందు రాసి వెళ్లిపోయింది.

జూన్ 16, సోమవారం

చెవి పరీక్ష చేశారు. పరీక్ష చేసే ఆయన అద్దాల గదిలో అక్కను కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. నేను ఇవతల ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన మీట నొక్కుతున్నాడు. అక్క బుద్ధిగా, పరీక్ష రాసే పిల్లలా, చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆయన శబ్దం పెంచుతున్నాడు. ఎదురుచూస్తోంది. ఇంకా పెంచాడు. అప్పుడు ఎత్తింది, గబగబా, తనే ముందున్నట్టు.

కాగితం మీద గీత ఎడమ నుంచి కుడికి కొండ మీంచి జారినట్టు జారింది.

జూన్ 17, మంగళవారం

ఈ మందు చెవి లోపలి ద్రవంలోకి చేరితే వారాల తరబడి అక్కడే ఉంటుంది. ఆపాక కూడా పని చేస్తూనే ఉంటుంది. పుస్తకాలన్నీ తిరగేశాను. వెనక్కి తెచ్చే దారి ఎక్కడా లేదు. ఉంటే నాకు తెలిసే ఉండాలి. ఈ మందు గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు.

జూన్ 19, గురువారం

గీత ఇంకా కిందికి దిగింది.

జూన్ 20, శుక్రవారం

దిగింది.

జూన్ 21, శనివారం

కాలు నయమైపోతోంది. పాత మందుకే. ఎముక శుభ్రంగా ఉందని సర్జన్ మెచ్చుకున్నాడు. చేతికర్రతో నాలుగడుగులు వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కర్ర పట్టుకుని, చుట్టూ ఆడుతున్న చేతుల వైపు చూసింది.

జూన్ 22, ఆదివారం

వయొలిన్ పెట్టె తెరవలేదు.

మందుల బీరువా తాళంచెవి నెమ్మదికి ఇచ్చేశాను. ఇక నా దగ్గర ఉంచుకోనన్నాను. ఎందుకని అడగలేదు. జేబులో వేసుకుని, సాయంత్రం తానే నన్ను ఇంటి దగ్గర దింపింది. నేను లోపలికెళ్లి దీపం వేసేదాకా కారు కదల్లేదు.

జూన్ 24, మంగళవారం

దర్జీని వెతుక్కుంటూ వెళ్లాను. రిజిస్టర్లో ఉన్న చిరునామాలోనే కొట్టు ఉంది. ఇరుకు గది, గోడకు సగం కుట్టిన చొక్కాలు, గుమ్మం దగ్గర ఇస్త్రీ బల్ల. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. లేచి నిలబడి, నా కాలు నిలబెట్టిన సారు ఈయనే అని భార్యకు చూపించాడు, అవసరానికి మించి గట్టిగా. ఆమె కుర్చీ తుడిచి వేసింది. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడాలని, పెదాలు చూసి తెలుసుకుంటాడని నాకు చెప్పింది.

చెవుల సంగతి అడిగాను. ఆయన నవ్వాడు.

"మిషను చప్పుడు వల్ల అన్నారు గదా సార్ మీరు. నాకదే అర్థం కాదు. మా నాన్న అరవై ఏళ్లు తొక్కాడు ఈ మిషను. పోయేదాకా మేం గుసగుసలాడుకున్నా పట్టేసేవాడు."

చెప్పాను. మిషను కాదు, నా మందు, అని. ఒకసారి సరిపోలేదు. తను సరిగా చదివాడో లేదోనని భార్య వైపు తిరిగాడు. ఆమె తల ఊపింది.

"అప్పుడే తెలుసా సార్?"

"తెలుసుకోవలసింది. తెలుసుకోలేదు."

చాలాసేపు నా పెదాల వైపే చూశాడు, ఇంకా ఏమైనా వస్తుందేమోనని. తరవాత వెనక్కి తిరిగి మిషను ముందు కూర్చుని, ఆపిన కుట్టు దగ్గర గుడ్డ సర్దుకుని తొక్కడం మొదలుపెట్టాడు. నేను నిలబడే ఉన్నాను. కుర్చీ అక్కడే ఉంది. ఇక కూర్చోమని ఎవరూ అనలేదు.

బస్సు డ్రైవరు ఇల్లు మారాడట, చిరునామా దొరకలేదు. ముసలామె పోయింది. చివరి రెండేళ్లు ఎవరితోనూ మాట్లాడటం మానేసిందని ఆమె కోడలు చెప్పింది.

జూన్ 27, శుక్రవారం

అక్కను ఇంటికి పంపారు. పిలిస్తే పలకడం లేదు, భుజం తట్టాలి. నేను కాగితం మీద అంతా రాసుకుని వెళ్లాను. నాలుగు పేజీలు. నోరు పెగలదని ముందే తెలుసు. బావను వంటింట్లోకి పంపి కాగితాలు ఆమె చేతికిచ్చాను. మొదటి పేజీలో సగం చదివి మడిచి నా ఒళ్లో పడేసింది.

"నోటితో చెప్పు. నీ మొహం చూడాలి నేను," అంది. గొంతు ఎంత పెద్దదైందో ఆమెకు తెలియదు. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

చెప్పాను. ముగ్గురి సంగతి, పట్టిక సంగతి, నెమ్మది అడిగితే లేదన్న సంగతి, గురువారం సంగతి. అర్థం కానప్పుడల్లా మళ్ళీ అని చెయ్యి ఊపింది. ఒక్కొక్క నేరం మూడేసిసార్లు, పెదాలు బాగా కదుపుతూ, నోరు బాగా తెరిచి చెప్పాల్సి వచ్చింది.

"గురువారం తెలిసి శనివారం దాకా ఎందుకు ఆగావురా?"

కాలు కోసం అని చెప్పబోయాను. నాకే తెలియనిది నా నోట్లోంచి బయటికొచ్చింది. "ఆపితే మందు మంచిది కాదని ఒప్పుకున్నట్టు అవుతుందని."

అక్క ఏడవలేదు. గోడ వైపు తిరిగి, "కొన్నాళ్లు నువ్వు రావద్దు," అంది.

బావ గేటు దాకా వచ్చాడు. ఏదో ఒక మాట అనకుండా మనుషుల్ని సాగనంపడం చేతకాని మనిషి. ఇవాళ గేటు గడియ వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

జూన్ 30, సోమవారం

ప్రిన్సిపాల్ గదిలో రెండు గంటలు. ఫలితాలు అచ్చువేసిన వైద్య పత్రికకు ఉత్తరం రాస్తానన్నాను, మందు ఆపమని అన్ని ఆసుపత్రులకూ చెబుతానన్నాను. కమిటీ వేద్దాం, ఆర్నెల్లు చూద్దాం, కాలేజీ పేరు పోతుంది అన్నాడు. నూట పన్నెండులో ముగ్గురే కదా అన్నాడు. నా మాటలే. నా రిజిస్టరే నా ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది.

జూలై 1, మంగళవారం

ఉత్తరం నెమ్మది, నేను కలిసి రాశాం. ముగ్గురి వివరాలు, నాలుగో రోగిగా అక్క. రోగికీ వైద్యుడికీ ఉన్న బంధుత్వం రాయాలా అని అడిగింది. రాయమన్నాను. డోసుల సంగతి ఆమె రాయలేదు. ఆఖరి పేరాలో నేనే రాశాను: లక్షణం మందు వల్లనే అని గ్రహించిన తరవాత కూడా నాలుగు డోసులు ఇవ్వబడ్డాయి. చదివి నెమ్మది కలం తీసుకుంది. ‘ఇవ్వబడ్డాయి’ కొట్టేసి, ‘ఇవ్వనిచ్చాను’ అని రాసి, దాని ముందు ‘నేను’ అని చేర్చింది. పంపాం. ఆసుపత్రులన్నిటికీ పంపాం.

జూలై 5, శనివారం

ఇవాళ ఏమీ రాయను.

జూలై 11, శుక్రవారం

జవాబులు వస్తున్నాయి. తమకూ అనుమానం వచ్చిందని, మీ పట్టికలో లేదు కదా అని వదిలేశామని ఒక డాక్టరు రాశాడు. చెవులు దెబ్బతిన్నవాళ్లు ఇప్పటికి పదకొండు మంది.

జూలై 18, శుక్రవారం

పంతొమ్మిది. ఒకరు ఆరేళ్ల పాప.

జూలై 19, శనివారం

ఆరేళ్లు.

జూలై 22, మంగళవారం

కాలేజీ నన్ను పాఠాల నుంచి తప్పించింది. విచారణ అయ్యేదాకా లాబ్‌కు కూడా వెళ్లకూడదు. నా పేరున్న పలక తీసేటప్పుడు ఒక మేకు రాక ప్యూను అవస్థ పడుతుంటే నేనే పట్టుకారు తెచ్చిచ్చాను. మందు అన్నిచోట్లా ఆగింది. మంచిపని చేశానని అనిపిస్తుందేమోనని రెండు రోజులు చూశాను. అనిపించలేదు. కొత్తవాళ్లు పడటం ఆగింది, అంతే. పడ్డవాళ్లు పడ్డచోటే ఉన్నారు.

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. నాకు అన్నీ వినిపిస్తున్నాయి. కుళాయి చుక్క, వీధిలో సైకిలు బెల్లు, పైవాళ్ల కుర్చీ జరిపిన చప్పుడు. చెవులు పొడుచుకుందామన్నంత స్పష్టంగా.

జూలై 29, మంగళవారం

అక్క దగ్గర పాట నేర్చుకునే పిల్లలు రావడం మానేశారట. ఒక్కరొక్కరే, ఏదో ఒక వంక చెప్పి. నెమ్మది కట్టు చూడటానికి వెళ్లినప్పుడు బావ చెప్పాడట.

ఆగస్టు 2, శనివారం

బావ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "నిన్ను తీసుకురమ్మంది. చొక్కా మార్చుకో," అన్నాడు. ఎందుకని అడిగితే, తనకు చెప్పలేదన్నాడు. దారిలో బావ మాట్లాడుతూనే ఉన్నాడు. ఇద్దరూ పలక మీద రాసుకుంటున్నారట, నలభై ఏళ్లలో తను ఇన్ని మాటలు ఆమెకు వినిపించింది లేదట. నవ్వాడు. ఆ నవ్వు సగంలో తెగిపోయింది.

అక్క ముందు గదిలో చాప మీద కూర్చుంది. సన్నబడింది. రమ్మని గానీ, ఎలా ఉన్నావని గానీ అనలేదు. ఎదురుగా కూర్చోమని వేలు చూపించింది.

"గొంతు ఎక్కడుందో నాకు తెలీటం లేదు. లోపల కదులుతోంది గానీ ఎక్కడ ఆగుతోందో తెలీదు. మీ బావని అడిగితే అన్నిటికీ బాగుందంటాడు. పిల్లల్ని అడిగితే మొహమాటపడ్డారు. నువ్వు చెప్పాలి. తప్పితే తప్పిందను."

తల ఊపాను.

ఒక్క స్వరం పాడింది. తప్పు. తల అడ్డంగా ఊపి, పైకి అని వేలెత్తి చూపాను. మళ్ళీ పాడింది. తప్పు. మళ్ళీ. కళ్ల ముందు ఆమె ముఖం చెదిరిపోయింది, అయినా తల అడ్డంగానే ఊపాను. ఏడోసారికి ఆమె పెదాలు వణికాయి. బావ వెనకనుంచి మెల్లగా, "ఈ ఒక్కసారికి అవునని అనరాదూ, నీకేం పోయిందోయ్," అన్నాడు. ఆ మాట ఆమెకు వినబడదు. నాకు వినబడింది. తల అడ్డంగా ఊపాను.

ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. వెలుగు గోడ మీంచి నేలమీదికి దిగేదాకా. ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు. దగ్గరికొచ్చింది, అంతే. అదే చెప్పాను, రెండు వేళ్ల మధ్య కొంచెం ఎడం చూపిస్తూ.

అక్క నా వేళ్ల మధ్య సందు చూసింది. కర్ర తీసుకుని లేచింది. నన్ను క్షమించానని అనలేదు. భోంచేసి వెళ్లమనీ అనలేదు. లోపలి గది గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే, వీధి చివరిదాకా వినిపించేంత గొంతుతో, "రేపు ఐదింటికి రా," అంది.